కూలెంట్ లైటు వెలిగి ఆరుతోంది, శనివారం అమ్మానాన్నలతో తిరుమల ప్రయాణం: బండి తీయొచ్చా?

కడప_కోరమంగళ
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది ఏడేళ్ళ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 68,000 కిలోమీటర్లు తిరిగింది. మూడు వారాల కిందట మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్ ఎక్కుతుంటే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు ఒకటి వెలిగింది. చిన్న తొట్టి బొమ్మ, అందులో అలల్లాగా గీతలు. రోడ్డు మీదికి రాగానే ఆరిపోయింది. మర్నాడు మళ్ళీ ర్యాంప్ మీదే వెలిగింది. మాన్యువల్ తీసి చూస్తే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిందని రాసి ఉంది.

ఇంటి దగ్గరున్న ఒక షెడ్డుకు తీసుకెళ్ళాను. బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి, సెన్సర్ పోయిందన్నారు. సెన్సర్ మార్చి, కూలెంట్ డబ్బాలో కాసిని నీళ్ళు పోసి పంపించారు. పది రోజులు లైటు రాలేదు. మొన్న బెంగళూరు సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర బ్రేక్ వేయగానే మళ్ళీ వచ్చింది, ఈసారి ఆరలేదు. టెంపరేచర్ ముల్లు మాత్రం ఎప్పట్లాగే మధ్యలో ఉంది. ఇవాళ పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తే డబ్బాలో మట్టం మిన్ (కనీస మట్టం) గీతకు వేలెడు కింద ఉంది.

శనివారం అమ్మానాన్నలను తీసుకుని కోలారు, పలమనేరు మీదుగా తిరుమల వెళ్ళాలి. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయి మూడు నెలలే అయింది. దారిలో బండి ఆగితే ఆయన రోడ్డు పక్కన నిలబడలేరు. ఒక లీటరు నీళ్ళు పోసుకుని వెళ్ళిపోవచ్చా? అసలు బండి తీయకూడదా? టెన్షన్‌గా ఉంది, దయచేసి చెప్పండి.


మారతహళ్ళి_తెలుగు
సోమవారం, రాత్రి 9:58

భయపడకండి బ్రదర్. నీళ్ళు పోసి వెళ్ళిపోండి. నేను నాలుగేళ్ళుగా నెలకొకసారి మంచినీళ్ళే పోస్తున్నాను, ఏమీ కాలేదు.


మడివాళ_షెడ్
సోమవారం, రాత్రి 10:25

తమ్ముడూ, నాది చిత్తూరు జిల్లా, ఇరవై రెండేళ్ళుగా బెంగళూరులోనే మెకానిక్ పని. నీళ్ళు పోయడం గురించి తర్వాత మాట్లాడదాం. ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకో. కూలెంట్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. మూత బిగించిన గిన్నెలో నీళ్ళలాగా లోపలే తిరుగుతుంది. ఏడాదికి గీత మీద ఒక వెంట్రుకవాసి తగ్గితే పట్టించుకోనక్కర్లేదు. పది రోజుల్లో వేలెడు తగ్గిందంటే అది ఎక్కడికో పోతోంది. ఎక్కడికి పోతోందో తెలియకుండా ఘాట్ ఎక్కొద్దు.

ర్యాంప్ మీదే లైటు ఎందుకు వచ్చిందంటే, డబ్బాలో చిన్న తేలుడు బిళ్ళ ఉంటుంది, దానికో అయస్కాంతం. మట్టం అంచుకు వచ్చాక బండి వంగితే నీళ్ళు ఒక పక్కకు జరిగి బిళ్ళ కిందికి దిగుతుంది, లైటు వెలుగుతుంది. చదును రోడ్డు మీదికి రాగానే ఆరుతుంది. బ్రేక్ వేసినప్పుడూ అంతే. అంటే నీ సెన్సర్ మొదటి రోజు నుంచీ నిజమే చెప్తోంది. మంచి సెన్సర్‌ను మార్చేశారు. నీళ్ళు పోశారు కాబట్టి పది రోజులు లైటు రాలేదు, సెన్సర్ మార్చినందుకు కాదు.

సెన్సర్ తప్పుడు లైటు ఇవ్వడం కూడా ఉంది. కనెక్టర్‌లో పచ్చగా చిలుము పట్టినా, బేస్‌మెంట్‌లో ఎలుకలు వైరు కొరికినా వస్తుంది. అలాంటప్పుడు మట్టం సరిగ్గా ఉండి లైటు వెలుగుతుంది. మట్టమే తగ్గితే సెన్సర్ మాట ఎత్తనే కూడదు.

ఈ రాత్రికి ఇంజన్ కింద, ముందు చక్రాల మధ్యలో, తెల్ల అట్టముక్క పరిచి పెట్టు. ప్యాకింగ్ డబ్బా చింపినా సరిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయకముందే తీసి చూడు. ఎక్కడ తడిసింది, ఏ రంగు, వేలితో రుద్దితే నీళ్ళలా ఉందా, జారుడుగా ఉందా చెప్పు. ఏసీ నుంచి కారేది వట్టి నీళ్ళు, అది వేరు.


పాత_డీజిల్
సోమవారం, రాత్రి 11:10

ముల్లు మధ్యలో ఉందని ధైర్యంగా ఉండొద్దండి. నాకు జరిగింది చెప్తాను. హైదరాబాద్ నుంచి వస్తూ బాగేపల్లి దాటాక కింది హోస్ పైపు పగిలింది. ఒక్కసారిగా నీళ్ళన్నీ పోయాయి. ముల్లు పైకి పోతుందని మనం అనుకుంటాం కదా, నా బండిలో కిందికి దిగింది. టెంపరేచర్ సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే సరైన వేడి చెప్తుంది. చుట్టూ గాలే ఉంటే దానికి ఏమీ తెలియదు. ముల్లు దిగింది కదా అని ఇంకో నాలుగు కిలోమీటర్లు నడిపాను. ఇంజన్ పైభాగం, అదే హెడ్, వంగిపోయింది. ఇరవై రోజులు బండి షెడ్డులోనే ఉంది. ఆ నాలుగు కిలోమీటర్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే మట్టం లైటుకు విలువ ఎక్కువ. వేడెక్కక ముందే చెప్పేది అదొక్కటే. మన దేశంలో చాలా బండ్లకు ఆ లైటే ఉండదు, ఎర్ర థర్మామీటర్ లైటు ఒక్కటే ఉంటుంది. అది వెలిగేసరికి పరిస్థితి చెయ్యి దాటుతుంది.


అనంతపురం_హెబ్బాళ
మంగళవారం, ఉదయం 7:05

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నా బండిలో రోజూ పొద్దున నీలం రంగు థర్మామీటర్ లైటు వస్తుంది, రెండు మూడు నిమిషాలకు పోతుంది. అదీ ఇదేనా?


మడివాళ_షెడ్
మంగళవారం, ఉదయం 7:20

కాదమ్మా. నీలం అంటే ఇంజన్ ఇంకా చల్లగా ఉందని, అంతే. అది ఆరేదాకా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకు. ఎరుపైతే వెంటనే పక్కకు తీసి ఆపేయి.


కడప_కోరమంగళ
మంగళవారం, ఉదయం 7:50

అన్నా, అట్ట తీసి చూశాను. ఒకే చోట మూడు చుక్కలు, రూపాయి బిళ్ళంత. బెల్టు ఉన్న పక్క. లేత గులాబీ రంగు. వేళ్ళ మధ్య రుద్దితే సబ్బునీళ్ళలాగా జారుతోంది, తియ్యటి వాసన. మొబైల్ లైటు వేసి పైనుంచి లోపలికి చూశాను. బెల్టు చుట్టుకున్న ఒక చక్రం వెనక, అల్యూమినియం మీద, తెల్లగా గులాబీగా ఉప్పు పేరుకున్నట్టు పొర కట్టింది. గోరుతో గీకితే పొడిలా రాలింది. ఇన్నాళ్ళూ రోజూ బండి తీస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా అక్కడ చూడలేదు.


మడివాళ_షెడ్
మంగళవారం, ఉదయం 8:15

మంచి పని చేశావు తమ్ముడూ. నువ్వు చెప్పిన గుర్తులు వాటర్ పంపువి. మేం షెడ్డుల్లో వాటర్ బాడీ అంటాం. దాని ఇరుసు దగ్గర సీలు ఉంటుంది, సీలు వెనక ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. సీలు అరిగితే ఆ రంధ్రంలోంచి చుక్కలు కారాలనే అలా చేశారు, నీళ్ళు బేరింగ్‌లోకి పోకుండా. కారిన చుక్క వేడికి ఆవిరైపోతుంది, కూలెంట్‌లోని మందు మాత్రం ఉప్పులా మిగులుతుంది. అందుకే నేల మీద పెద్దగా తడి కనిపించదు.

అయినా చూడకుండా పంపు మార్చేయమని చెప్పను. ప్రెషర్ టెస్ట్ చేయించు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బా మూత బదులు మీటరున్న చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా గాలి కొడతారు. ఆ మీటరు ముల్లు కదలకుండా నిలబడాలి. దిగిందంటే ఎక్కడో కారుతోంది, టార్చ్ వేసి వెతకొచ్చు. పావుగంట పని. ఈ పరికరం లేని షెడ్డులో ఈ పని చేయించొద్దు.


మారతహళ్ళి_తెలుగు
మంగళవారం, మధ్యాహ్నం 1:30

షెడ్ అన్నా, మీ అనుభవాన్ని కాదనను. లీకు సరిచేయాల్సిందే. కానీ కూలెంటే పోయాలని ఎందుకు పట్టుబడతారు? బెంగళూరులో మంచు పడదు, నీళ్ళు గడ్డకట్టవు. వట్టి నీళ్ళకు వచ్చిన నష్టం ఏమిటి?


జయనగర్_మాస్టారు
మంగళవారం, సాయంత్రం 6:45

నేను రిటైరైన ఫిజిక్స్ మాస్టారిని. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలనిపించింది, ఎందుకంటే బెంగళూరు వాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం.

మన ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ, అందుకే మూత లేని గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీలకు కాదు, దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఇంజన్ మామూలుగా నడిచే వేడి 90 డిగ్రీల చుట్టుపక్కల. థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకోవడమే చాలా బండ్లలో 82 నుంచి 88 మధ్య. అంటే వట్టి నీళ్ళు పోసి, మూత సీలు కూడా వదులైతే, మీకూ మరుగుకూ మధ్య ఉన్నది ఏడు డిగ్రీలే. సిల్క్ బోర్డు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడితే ఆ ఏడు డిగ్రీలు ఏపాటి?

మూత గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి పెరిగి మరుగు స్థానం ఇరవై డిగ్రీలకు పైనే జరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ సూత్రమే. దానికి తోడు నీళ్ళలో కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ సగానికి సగం కలిపితే ఇంకొన్ని డిగ్రీలు జరుగుతుంది. రెండూ కలిస్తే 125 దాటేదాకా మరగదు. గడ్డకట్టకుండా కాపాడడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. సగం సగం కలిపితే సున్నాకు కింద 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, ఆ గుణం మనకు అక్కర్లేదు. మరగకుండా ఉండే గుణం మాత్రం రోజూ కావాలి.

మరిగితే ఏమవుతుందో కూడా చెప్తాను. ఆవిరి బుడగ లోహాన్ని అంటుకుని కూర్చుంటుంది. నీళ్ళు మోసుకుపోయినట్టు ఆవిరి వేడిని మోసుకుపోలేదు. అక్కడ లోహం కాలిపోతుంది, పక్కనే నీళ్ళు ఉన్నా సరే.

ఇంకో సంగతి మన బోరు నీళ్ళు. మీ ఇంట్లో గీజర్ రాడ్ విప్పి చూడండి, సున్నం గడ్డలు కట్టి ఉంటుంది. రేడియేటర్ గొట్టాల్లోనూ అదే సున్నం. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులు ఉంటాయి. వట్టి నీళ్ళలో ఏముంటాయి?


చెన్నై_నెల్లూరు
మంగళవారం, రాత్రి 8:20

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. చెన్నైలో మాకు ఎత్తు సమస్య లేదు, మే నెల ఎండ సమస్య. ఒక్క మాట కలుపుతాను. వరద నీళ్ళలో నడిచిన బండ్ల రేడియేటర్ రెక్కల్లో బురద ఎండి గట్టిపడుతుంది. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ నీళ్ళలో నడిపిన బండ్లు తర్వాత వేసవిలో వేడెక్కడం మా వీధిలోనే చూశాం. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో బురద ఉంటే ముందు నుంచి కనిపించదు. కూలెంట్ నిండుగా ఉన్నా బండి వేడెక్కితే అక్కడ చూడండి.

టాప్ అప్‌కు నీళ్ళు తప్పనిసరైతే డిస్టిల్డ్ వాటర్ కొనండి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేదే. అడిగేటప్పుడు స్పష్టంగా అడగండి, బ్యాటరీ యాసిడ్ వేరు.


పలమనేరు_లారీ
మంగళవారం, రాత్రి 9:35

మా నాన్న ముప్పై ఏళ్ళు లారీ నడిపారు. రేడియేటర్ కారితే క్యాబిన్‌లో ఉన్న పసుపు పొట్లం విప్పి ఒక గుప్పెడు లోపల పోసేవారు. కారడం ఆగేది, లోడు చేరేది. నేను కళ్ళారా చూశాను. నా కారుకూ అలాగే చేయబోతే నాన్నే వద్దన్నారు. "ఆ రేడియేటర్ గొట్టాలు వెడల్పురా, ఇత్తడివి. దీనివి సన్నవి, పసుపు పోస్తే లీకుతో పాటు దారి కూడా మూసుకుపోతుంది" అన్నారు. షాపుల్లో అమ్మే లీకు ఆపే పొడులూ ద్రవాలూ అంతే. ముందు హీటర్ గొట్టాలు మూసుకుపోతాయి.

కడప తమ్ముడికి దారి గురించి చెప్తాను, మాది ఆ రోడ్డే. పోయేటప్పుడు మొగిలి ఘాట్ దిగుడు, ఇంజన్‌కు కష్టం లేదు. వచ్చేటప్పుడు ఎక్కాలి. అసలు పరీక్ష తిరుమల కొండ. సెకండ్ గేరు, ముందు బస్సు, గాలి తక్కువ, బండి నిండా మనుషులు. బానెట్లు ఎత్తుకుని ఆగిన బండ్లు అక్కడ ఎప్పుడూ కనిపిస్తాయి.


హెచ్ఎస్ఆర్_లలిత
బుధవారం, ఉదయం 10:10

ఘాట్‌లో వేడెక్కితే ఏం చేయాలో ఎవరైనా వివరంగా చెప్తారా? నాకూ ఉపయోగం. మా వారు టూర్లలో ఉంటారు, పిల్లలతో నేనొక్కదాన్నే నడుపుతాను.


మడివాళ_షెడ్
బుధవారం, మధ్యాహ్నం 2:40

చెప్తానమ్మా. ముల్లు మామూలు కన్నా పైకి జరగడం చూస్తే ముందు ఏసీ ఆపెయ్యి. హీటర్ ఫుల్ వేడికి, ఫ్యాన్ ఫుల్‌కు పెట్టి అద్దాలు దించు. ఉక్కపోస్తుంది, కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని లోపలికి లాగుతుంది. ముల్లు దిగితే మెల్లగా చోటు చూసుకుని ఆపు. దిగకపోయినా, ఎర్ర లైటు వచ్చినా, ఆవిరి కనిపించినా ఎక్కడున్నావో అక్కడే పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్యి. ఇంకో మలుపు అనుకోవద్దు.

తర్వాత చేసేది ఓపిక పట్టడమే. మూత ముట్టుకోకూడదు. లోపల వంద దాటిన నీళ్ళు ఒత్తిడితో ఉంటాయి, మూత వదలగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి వస్తాయి. మా షెడ్డులో ఒక పిల్లాడికి మోచేయి దాకా కాలింది, ఆ మచ్చ ఇంకా ఉంది. అప్పటి నుంచి కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి పాఠం ఇదే. కనీసం ముప్పావుగంట ఆగు. పై హోస్ పైపు నొక్కి చూడు, మెత్తగా చల్లగా ఉంటేనే తీయొచ్చు. మందపాటి గుడ్డ కప్పి, పావు తిప్పి, ఆవిరి పోనిచ్చి, తర్వాత పూర్తిగా తీయాలి. కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్ళు పోస్తే లోహం పగలొచ్చు, కాబట్టి అప్పుడు కూడా కొంచెం కొంచెంగా పోయాలి.

కాలి దగ్గర కార్పెట్ తడిగా ఉండి, లోపల తియ్యటి వాసన వచ్చి, అద్దానికి జిడ్డు ఆవిరి పడుతుంటే హీటర్ గొట్టాలు కారుతున్నట్టు. బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ మాయమవుతుంటే భయపడాల్సింది అప్పుడే. పొగగొట్టంలోంచి తెల్లపొగ, ఆయిల్ మూతకు పెరుగులాంటి మీగడ, డబ్బాలో ఆగకుండా బుడగలు, ఇవి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింది సీలు) పోయిన గుర్తులు. డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే భాగం) కూడా లోలోపలే కారుతుంది.


కడప_కోరమంగళ
గురువారం, రాత్రి 8:30

అందరికీ అప్‌డేట్. ప్రెషర్ టెస్ట్ పరికరం ఉన్న షెడ్డు వెతికి వెళ్ళాను. గాలి కొట్టాక మీటరు ముల్లు ఐదు నిమిషాల్లో కనిపించేంత దిగింది. మెకానిక్ అద్దం ముక్క పట్టుకుని నాకూ చూపించారు. ఆ చిన్న రంధ్రం అంచున ఒక గులాబీ చుక్క ఉబ్బి, వేలాడి, పడింది. వెంటనే ఇంకొకటి మొదలైంది. మూడు వారాల టెన్షన్ ఆ చుక్కే.

పంపు, బెల్టు, డబ్బా మూత మార్పించాను. బెల్టు ఎలాగూ విప్పాలి కదా, పాతదాని మీద సన్నటి పగుళ్ళు ఉన్నాయి. స్పేర్లు నేనే జేసీ రోడ్డులో కొన్నాను. అన్నీ కలిపి 6,400 అయింది. లోపల నీళ్ళు కలిసి పలచబడిందని పాతదంతా దించేసి, కడిగి, మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్ పోశారు.

ఒక ప్రశ్న. షాపులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉన్నాయి. గులాబీ రంగు ఉన్న బండికి ఏ గులాబీ అయినా పోయొచ్చా?


మడివాళ_షెడ్
గురువారం, రాత్రి 9:15

రంగు చూసి కొనొద్దు తమ్ముడూ. రంగు కంపెనీ వాళ్ళు వేసేది, దానికి ఒక కట్టుబాటు లేదు. లోపలి మందు రకం ముఖ్యం. మాన్యువల్‌లో ఉన్న స్పెసిఫికేషన్ డబ్బా మీద కూడా ఉండాలి. పడని రకాలు కలిస్తే జిగురులా తయారై గొట్టాలు మూసుకుపోతాయి. ఇంకోటి, డబ్బా మీద నేరుగా పోసే రకమా, నీళ్ళు కలపాల్సిన రకమా చదువుకో. నేరుగా పోసేదాంట్లో మళ్ళీ నీళ్ళు కలిపేవాళ్ళను రోజూ చూస్తున్నాను.

కొత్తగా నింపాక లోపల గాలి మిగులుతుంది. రేపు ఒక అరగంట నడిపి, చల్లారాక చూడు, మట్టం కొంచెం తగ్గుతుంది. కంగారుపడకుండా మిన్, మ్యాక్స్ మధ్యకు నింపు. ఆ గీత పక్కన మార్కర్‌తో నీ గుర్తు పెట్టుకో. మళ్ళీ తగ్గిందో లేదో అదే చెప్తుంది.


మారతహళ్ళి_తెలుగు
శుక్రవారం, ఉదయం 8:05

ఇదంతా చదివాక ఇవాళ నా బండి డబ్బా మూత తీశాను. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. వేలు పెడితే ఇటుకపొడి లాంటిది అంటుకుంది. నాలుగేళ్ళుగా నెలనెలా పోస్తున్నాను కానీ, ఎందుకు తగ్గుతోందని ఒక్కసారీ అడగలేదు. మొదట్లో కడప బ్రదర్‌కు ఇచ్చిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. షెడ్ అన్నా, రేపు మీ దగ్గరికి రావచ్చా?


మడివాళ_షెడ్
శుక్రవారం, ఉదయం 8:20

రండి. పొద్దున్నే, ఇంజన్ వేడెక్కకుండా నెమ్మదిగా రండి. దారిలో ముల్లు కదిలితే ఆపి నాకు మెసేజ్ పెట్టండి, నేనే వస్తాను.


కడప_కోరమంగళ
సోమవారం, ఉదయం 9:30

రాత్రి తిరిగి వచ్చాం. దర్శనం బాగా జరిగింది. శనివారం పలమనేరులో టిఫిన్‌కు ఆగాం. కొండ ఎక్కేటప్పుడు ముందు వరుసగా బస్సులు, అయినా ముల్లు మధ్య నుంచి కదల్లేదు. కొండ మీద రాత్రంతా చల్లారాక ఆదివారం పొద్దున బానెట్ ఎత్తాను. మార్కర్ గీత మీదే ఉంది. వచ్చేటప్పుడు మొగిలి ఘాట్ ఎక్కి, ఇంటికి చేరి, ఇవాళ పొద్దున మళ్ళీ చూశాను. అక్కడే ఉంది. నాన్న ముందు సీటులో హాయిగా నిద్రపోయారు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఒక్కటి మిగిలింది. షెడ్డులో దించిన పాత కూలెంట్‌ను ఐదు లీటర్ల క్యాన్‌లో పోసి నాకే ఇచ్చేశారు. బాల్కనీలో పెట్టాను. మోరీలో పారబోయొచ్చా?


హెచ్ఎస్ఆర్_లలిత
సోమవారం, ఉదయం 9:42

వద్దండీ! ముందు ఆ క్యాన్ మూత బిగించి ఎత్తు మీద పెట్టండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. ఇథిలీన్ గ్లైకాల్ కొంచెం లోపలికి వెళ్ళినా వాటి కిడ్నీలు దెబ్బతింటాయి. చిన్నపిల్లలకూ ప్రమాదమే. పార్కింగ్‌లో కారిన మరకలు కూడా నీళ్ళు పోసి కడిగి, గుడ్డతో తుడిచేయండి. మా వీధిలో ఆరు కుక్కలున్నాయి, అందుకే చెప్తున్నాను.


మడివాళ_షెడ్
సోమవారం, ఉదయం 10:05

అమ్మ చెప్పింది నిజం. తమ్ముడూ, మోరీలో పోయొద్దు. మా దగ్గర వాడిన ఆయిల్‌కు ఒక డ్రమ్ము, కూలెంట్‌కు ఒక డ్రమ్ము వేరువేరుగా ఉన్నాయి, తీసుకెళ్ళేవాళ్ళు వస్తారు. ఇటు వచ్చినప్పుడు క్యాన్ తెచ్చి ఇచ్చెయ్.


కడప_కోరమంగళ
సోమవారం, ఉదయం 10:11

క్యాన్ ఇప్పుడే బాత్‌రూమ్ అటక మీదికి ఎక్కించాను. ఈ సాయంత్రమే తెస్తాను అన్నా. ర్యాంప్ దగ్గర పాత మరక ఒకటి ఉంది, ముందు అది కడిగి వస్తాను.